వేసవి సెలవుల్లో మన వాటా

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



వేసవి సెలవులనగానే అందరి ముఖాలూ విప్పారతాయి. పిల్లలకు బడి లేదు. పంతుళ్ళకూ పంతులమ్మలకూ బడి లేదు. కోర్టులకు సైతం వేసవి సెలవులున్నాయి. ఎటొచ్చీ సెలవు లేనిది ఒక్క వంటింటికే! మామూలు రోజుల్లో అయితే పిల్లలు క్యారియరు కట్టించుకుని ఎనిమిదింటికల్లా గడప దాటుతారు. ఆ తర్వాత కాసేపైనా ఇల్లు నిశ్శబ్దంగా వుంటుంది. వేసవిలో ఆ కాసేపూ లేదు. లేస్తూనే "అమ్మా, టిఫినేమిటి?" పదింటికి "అమ్మా, తినడానికేమైనా వుందా?" పన్నెండింటికి భోజనాలు. మూడింటికి చిరుతిండి. ఈ మధ్యలో ఆవకాయ, మాగాయ, సగ్గుబియ్యం వడియాలు, అప్పడాలు, ఏడాదికి సరిపడా కారం పట్టించడం, సెలవులకు దిగే చుట్టాలు. ఎండ ముదిరినకొద్దీ మన పనీ ముదురుతూ వుంటుంది.

ఇక పిల్లలు. ఒకడు కూలరు ముందు, ఒకతె సెల్‌ఫోను ముందు. "కాస్త బయటికి పోయి ఆడుకోండర్రా" అంటే "ఎండగా వుంది కదమ్మా" అంటారు. అదీ నిజమే. మన హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. 1966 జూన్ 2వ తేదీన 45.5 డిగ్రీలు కూడా నమోదైంది. అందుకని కిటికీలు మూసి, కర్టెన్లు దించి లోపలే వుండిపోతాం. చిక్కంతా అక్కడే వస్తోంది. తలుపులు వేసుకోవలసింది పగటిపూట ఓ ఏడెనిమిది గంటలు. మనం వేసుకుంటున్నది రెండు నెలలు!

ఈవేళ నేను మీతో మాట్లాడదలుచుకున్నది ఆ మిగతా గంటల గురించి. ఊటీకో, కొడైకెనాలుకో వెళ్ళే స్తోమతు అందరికీ వుండదు. వున్నా వారం రోజులకు మించి వుండలేం. మిగతా వేసవి అంతా గడపవలసింది ఈ వూళ్ళోనే. మరి ఈ వూళ్ళోనే, డబ్బు పెద్దగా ఖర్చు కాకుండా, పిల్లలతోపాటు మనమూ ఆరుబయట హాయిగా గడిపే మార్గం వుందా? తప్పకుండా వుంది.

ముందు మన వూరి గుణం తెలుసుకుందాం. హైదరాబాదు దక్కను పీఠభూమి మీద, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున వుంది. సముద్రానికి బాగా దూరం. అందుచేత ఇక్కడి వేసవి గాలిలో తేమ తక్కువ. బెజవాడలోనో, విశాఖలోనో అయితే ఉక్క. నీడకు చేరినా చెమట ఆరదు, రాత్రయినా వొళ్ళు జిడ్డుగానే వుంటుంది. ఇక్కడ ఎండ మాడుస్తుంది గాని, చెట్టు నీడకు చేరితే చెమట చప్పున ఆరి వొళ్ళు చల్లబడుతుంది. కొత్త కుండలో నీళ్ళు చల్లబడేది కూడా ఈ సూత్రం మీదే. కుండ చెమరుస్తుంది. ఆ చెమ్మ ఆరుతూ ఆరుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. గాలి ఎంత పొడిగా వుంటే కుండ అంత బాగా పనిచేస్తుంది.

పొడిగాలి వల్ల ఇంకో లాభం కూడా వుంది. మే నెలలో సైతం తెల్లవారేసరికి పగటికన్నా పది, పన్నెండు డిగ్రీలు తగ్గుతుంది. మే మధ్యలో ఇక్కడ సూర్యుడు ఉదయించేది దాదాపు 5.45కు, అస్తమించేది 6.40 ప్రాంతంలో. అంటే ఉదయం అయిదున్నర నుంచి ఎనిమిది దాకా, సాయంత్రం అయిదున్నర, ఆరు నుంచి తొమ్మిది దాకా, మొత్తం మీద రోజుకు అయిదారు గంటలు ఈ వూరు మనది.

కాని ఆ గంటల్లో మనం ఎక్కడుంటున్నాం? సిమెంటూ, రాయీ పగలంతా వేడిని తాగి రాత్రి కక్కుతాయి. సాయంత్రం ఏడింటికి పై అంతస్తు గదిలోకన్నా కింద వేపచెట్టు దగ్గర చల్లగా వుండేది అందుకే. ఆ సమయంలో మన ఇళ్ళలో అన్నిటికన్నా వేడిగా వుండే చోటు ఏదీ అంటే వంటిల్లు. గోడల వేడికి పొయ్యి వేడి తోడు. సరిగ్గా అప్పుడే, సరిగ్గా అక్కడే మనం నిలబడి వుంటాం, రాత్రి వంటకోసం!

మా వీధిలో ఒకావిడ వున్నారు. పెళ్ళయి ఈ వూరు వచ్చి ఇరవై రెండేళ్ళయిందట. మొన్న మాటల్లో "గోల్కొండ ఎక్కారా మీరు?" అని అడిగాను. "రెండుసార్లు వెళ్ళామండీ. వెళ్ళినప్పుడల్లా నేను కింద సామాన్ల దగ్గర కూర్చున్నాను" అన్నారావిడ నవ్వుతూ. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే మనలో చాలామంది విహారం అలాగే జరుగుతుంది. వంటింటిని బుట్టల్లో సర్దుకుని మోసుకెళ్తాం. అక్కడ దుప్పటి పరిచి వడ్డిస్తాం. మళ్ళీ సర్దుకుని మోసుకొస్తాం. వూరు చూసేది మిగతావాళ్ళు.

కాబట్టి నేను చెప్పబోయే చోట్లన్నిటికీ ఒకటే నియమం. ఎవరి నీళ్ళ సీసా వాళ్ళ చేతిలో, ఎవరి తిండిడబ్బా వాళ్ళ సంచిలో. సామాన్ల దగ్గర ఎవరూ కూర్చోనక్కరలేదు.

మొదట ఉదయాల సంగతి చూద్దాం. ఇంటికి దగ్గరలో వున్న పార్కుతోనే మొదలుపెట్టండి. నాంపల్లి వైపు వాళ్ళకు పబ్లిక్ గార్డెన్సు వుంది. దాన్ని బాగే ఆం అనేవారు. 1846లో నిజాము కాలంలో వేసిన తోట ఇది. అసెంబ్లీ భవనం, జూబిలీ హాలు, మ్యూజియం అన్నీ ఆ ఆవరణ చుట్టుపట్లే వున్నాయి. ముసలి చెట్ల నీడ అక్కడున్నంత చిక్కగా కొత్త పార్కుల్లో దొరకదు. ఆ తోటలోనే జవహర్ బాలభవన్ వుంది. వేసవిలో పిల్లలకు సంగీతం, నాట్యం, బొమ్మలు వేయడం వంటివి తక్కువ రుసుముతో నేర్పుతారు. పిల్లల్ని అక్కడ దింపి మీరు హాయిగా ఓ గంట నడవండి. దింపడం ఒక పని, నడవడం మరో పని అనుకోకండి. రెండూ ఒకే ప్రయాణంలో అయిపోతాయి.

జూబిలీ హిల్సు, బంజారా హిల్సు వైపు వాళ్ళకు కె.బి.ఆర్. పార్కు. వూరి నడిబొడ్డున ఇలా ఒక జాతీయోద్యానం వుండటం మన అదృష్టం. పొద్దున్నే వెళ్తే నెమళ్ళు కనిపిస్తాయి, కనిపించకపోయినా కేకలు వినిపిస్తాయి. కొండాపూరు, కొత్తగూడ వైపు వాళ్ళకు బొటానికల్ గార్డెను. మేడ్చల్ దారిలో కండ్లకోయ దగ్గర అటవీశాఖవారి ఆక్సిజన్ పార్కు. వూరి చుట్టూ ఇలాంటి అటవీ పార్కులు ఈ మధ్య చాలానే తయారయ్యాయి.

"పార్కులో నడవటం తప్ప ఏముంది, పిల్లలకు విసుగు కదండీ" అంటారేమో. పిల్లలకు చిన్న పుస్తకం ఒకటి ఇవ్వండి. రోజుకో చెట్టు గుర్తుపట్టి, ఆకు బొమ్మ వేసి, పేరు రాయమనండి. వేసవి అంటే అంతా ఎండిపోయే కాలం అనుకుంటాం గాని, చెట్లకు ఇదే పండుగ. ఏప్రిల్, మే నెలల్లో రేలచెట్టు ఒక్క ఆకు కనబడకుండా పసుపుపచ్చ గుత్తులు వేలాడదీస్తుంది. తురాయి ఎర్రగా విరగబూస్తుంది. కానుగ కొత్త చిగురుతో నిగనిగలాడుతుంది. వేప పూత రాలి కాయ పడుతుంది. నెల తిరిగేసరికి మీ పిల్లలకు పాతిక చెట్లు తెలుస్తాయి. వాళ్ళతోపాటు మనకూ తెలుస్తాయి. ఇంటికి వచ్చాక బాల్కనీలోనో, పిట్టగోడ మీదో మట్టిమూకుడులో నీళ్ళు పెట్టించండి. పిచ్చుకలు, గోరింకలు, బుల్‌బుల్ పిట్టలు వచ్చి తాగుతూ వుంటే మధ్యాహ్నాలు కూడా కాలక్షేపమే. ఒక్కటి మాత్రం మరచిపోకండి. ఆ నీళ్ళు రోజూ మార్చాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

నెహ్రూ జంతుప్రదర్శనశాల 1963 అక్టోబరులో తెరిచారు. 380 ఎకరాలు. సోమవారం సెలవు. వేసవిలో అక్కడికి వెళ్ళేవారు తలుపులు తెరవగానే వెళ్ళాలి. పది దాటితే జంతువులన్నీ నీడకు చేరి పడుకుంటాయి, మనకు ఎండ తప్ప ఏమీ మిగలదు. జంతువుల కోసం అక్కడ వేసవి ఏర్పాట్లు ఎలా చేస్తారో పిల్లలకు చూపించండి. నీళ్ళు చిమ్మే గొట్టాలు పెడతారు, తడకలు కట్టి నీళ్ళు చల్లుతారు, పుచ్చకాయలు పెడతారు. పక్కనే మీర్ ఆలం చెరువుంది. ఆ కట్టను 21 కమానులను వరసగా నిలబెట్టి కట్టారు. అర్ధచంద్రాకారపు కమానులు నీటి బరువును ఎలా మోస్తాయో ఇంజనీరింగు చదివే పిల్లల్ని అడిగితే చెబుతారు.

ఇక సాయంత్రాలు. హైదరాబాదులో సాయంత్రం అనగానే టాంకుబండే గుర్తొస్తుంది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో 1562లో తవ్వించిన చెరువు హుస్సేన్‌సాగరం. ఆ గట్టు మీద 1980 దశకంలో నిలబెట్టిన మహనీయుల విగ్రహాలున్నాయి. వాటినే పిల్లలకు పాఠం చేయవచ్చు. ఒక్కో సాయంత్రం ఇద్దరు ముగ్గురి గురించి చెప్పుకుంటూ నడిస్తే చాలు. మనకు తెలియకపోతే వాళ్ళనే తెలుసుకుని వచ్చి చెప్పమనండి. అలాగైనా సెల్‌ఫోను ఒక మంచి పనికి ఉపయోగపడుతుంది!

చెరువు నడుమనున్న బుద్ధుడి కథ కూడా చెప్పండి. 58 అడుగుల ఏకశిలా విగ్రహం. భువనగిరి దగ్గరి రాయగిరి కొండరాయి. 1990 మార్చిలో పడవ మీద తీసుకువెళ్తుండగా బరువు ఒరిగి విగ్రహం నీళ్ళలో పడిపోయింది, కొందరు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్ళపాటు చెరువు అడుగునే వుండి, 1992లో పైకి తీయగా, ఆ డిసెంబరు 1న వేదిక మీద నిలిచింది. ఈ కథ తెలిసి చూస్తే ఆ విగ్రహం వేరుగా కనిపిస్తుంది. కొన్ని రోజుల్లో చెరువునీళ్ళు వాసన వేసే మాట నిజమే. అలాంటి రోజున సంజీవయ్య పార్కుకు వెళ్ళండి. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేసిన దామోదరం సంజీవయ్యగారి పేరు పెట్టారు దానికి. 2016 జూన్ 2న నిలబెట్టిన 291 అడుగుల జెండాకొయ్య అక్కడే వుంది. పచ్చిక మీద చిన్నపిల్లలు పరుగెత్తడానికి అది మంచి చోటు. ఎం.ఎం.టి.ఎస్. రైలుకు నెక్లెస్ రోడ్డులోనూ, సంజీవయ్య పార్కు దగ్గరా స్టేషన్లున్నాయి. పిల్లలకు ఆ రైలు ప్రయాణమే సగం సంబరం.

ఇంట్లో అత్తగారో, అమ్మగారో పెద్దవాళ్ళుంటే బిర్లా మందిరం తీసుకువెళ్ళండి. 1976లో నౌబత్ పహాడ్ మీద తెల్ల పాలరాతితో కట్టిన గుడి. గుడిలో గంటలు వుండవు. ప్రశాంతంగా వుండాలని పెట్టలేదు. దర్శనం చేసుకుని మెట్ల మీద కూర్చుంటే కింద హుస్సేన్‌సాగరం, దీపాలు, ఆ గాలీ... పెద్దవాళ్ళు కదలమంటే కదలరు. అయితే పగటి ఎండకు కాలిన రాయి కాళ్ళకు చుర్రుమంటుంది, పొద్దు వాలిన తర్వాతే వెళ్ళాలి.

గోల్కొండ మాట చెప్పకుండా వుండలేను. కోట తలుపులు తెల్లవారుజామున తెరవరు, చీకటి పడకముందే మూసేస్తారు. అందుకని నడివేసవిలో పైదాకా ఎక్కాలన్న పంతం వద్దు. 360 మెట్లకు పైమాటే, కొండంతా సెగలు కక్కే రాయి. మే నెలలో కింద ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి ఆ ధ్వని విని, సాయంత్రం జరిగే ధ్వని, కాంతి ప్రదర్శన చూసి రండి. కూర్చునే చూడవచ్చు. తొలకరి పడి మబ్బు పట్టాక, జూన్‌లో ఒకరోజు అందరూ కలిసి ఎక్కండి. ఒకరు కింద చప్పట్లు కొడితే కిలోమీటరు దూరంలో పైనున్న బాలాహిస్సారులో వినబడుతుంది. శత్రువు వచ్చాడన్న కబురు ఆ రోజుల్లో అలా చేరేదట. రామదాసు చెర చూడండి. ఆషాఢంలో నగరంలో బోనాలు మొట్టమొదట ఎత్తేది కూడా ఈ కోటలోని జగదాంబ అమ్మవారికే. మా వీధి ఆవిడకు అదే చెప్పాను, "ఈ జూన్‌లో పైనుంచి మీరు వినాలి, కింద చప్పట్లు మీవారు కొట్టాలి" అని.

కోటకు దగ్గరలోనే కుతుబ్‌షాహీ సమాధులున్నాయి. పచ్చికా, చెట్లూ, విశాలమైన ఆవరణ. అక్కడి పెద్ద బావిని తప్పక చూపించండి. 2013 వానలకు ఒక పక్క కూలిపోయిన బావి అది. ఆగాఖాన్ ట్రస్టువారు రాయి రాయీ పేర్చి నిలబెట్టారు. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం వచ్చింది. ట్యాంకరు కోసం ఎదురుచూసే మన పిల్లలకు, వాననీటిని నిలవచేసుకున్న ఆ బావి నూరు ఉపన్యాసాల పెట్టు.

నీళ్ళ మాట వచ్చింది గనుక గండిపేట గురించీ చెబుతాను. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు నూటయాభై మంది ప్రాణాలు కాపాడిందని ఇప్పటికీ చెప్పుకుంటాం. మళ్ళీ అలాంటి ముప్పు రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా తీసుకుని, మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. ఒకటి 1920లో, రెండవది 1927లో పూర్తయ్యాయి. గండిపేట గట్టు దగ్గర ఇప్పుడు చక్కని పార్కు వుంది. చిలుకూరు బాలాజీ దర్శనం ఉదయమే చేసుకునే వాళ్ళు ఎండెక్కకముందే ఆ పార్కులో కాసేపు కూర్చుని రావచ్చు. అవి తాగునీటి చెరువులు. అందులో దిగడానికి వీల్లేదు, చెత్త వేయడానికి అసలే వీల్లేదు.

ఒకరోజు పూర్తిగా వూరు వదలాలంటే వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలున్నాయి. ఈ మూసీ పుట్టేది అక్కడే. సుమారు 80 కిలోమీటర్లు. తెల్లవారుజామున రైలెక్కితే వికారాబాదులో దిగి, అక్కడినుంచి ఆటోలోనో, బస్సులోనో కొండ చేరవచ్చు. అనంతపద్మనాభస్వామి గుడి, చుట్టూ అడవి. ఎండవేళ చెట్లకింద గడిపి సాయంత్రం తిరుగు ప్రయాణం. దారిలో తాటిముంజలు అమ్ముతూ వుంటారు. లేతవి చూసి కొనుక్కుని, బొటనవేలు గుచ్చి అక్కడికక్కడే తినాలి. ఏ ఐస్‌క్రీమూ దానికి సాటిరాదు.

ఎక్కడికీ కదలలేని రోజులుంటాయి. ఆ రోజుల్లో డాబా మీదకు పదండి. సూర్యుడు వాలగానే రెండు బకెట్ల నీళ్ళు చల్లండి. స్నానాలకు, బట్టలకు వాడిన నీళ్ళు చాలు, మంచినీళ్ళు అక్కరలేదు. ఎనిమిదిన్నరకల్లా డాబా చల్లబడుతుంది. చాప వేసుకుని ఉత్తరం వైపు చూడండి. మే నెల రాత్రి ఆ పొద్దుకు సప్తర్షి మండలం బాగా ఎత్తుగా, గరిటె ఆకారంలో కనబడుతుంది. కాడలోని నడిమి నక్షత్రం వశిష్ఠుడు. దాన్ని అంటిపెట్టుకుని మినుకుమనే చిన్నది అరుంధతి. పెళ్ళినాడు పురోహితుడుగారు పట్టపగలు చూపిస్తే "ఆఁ, కనబడింది" అని తలవూపిన అరుంధతిని ఇప్పుడు నిజంగా చూడవచ్చు! ఆ కాడ వంపునే ముందుకు పొడిగించుకుంటూ పోతే కాస్త నారింజ రంగులో మెరిసే స్వాతి, అదే వంపులో ఇంకా దక్షిణానికి పోతే తెల్లని చిత్త. ఆగ్నేయాన ఎర్రగా పైకి వచ్చేది జ్యేష్ఠ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటాం కదా, మరి ఆ రోజుల్లో రోహిణి నక్షత్రం ఆకాశంలో ఎందుకు కనబడదో పిల్లల్ని ఆలోచించమనండి. సూర్యుడు ఆ నక్షత్రంలో వుండటం వల్లనే దానికి రోహిణి కార్తె అని పేరు. పిల్లలు చిన్నవాళ్ళయితే నక్షత్రాలతోపాటు తొక్కుడుబిళ్ళ, ఏడు పెంకులాట, వెన్నెల కుప్పలు నేర్పండి. అపార్టుమెంటు పిల్లలకు వాటి పేర్లు కూడా తెలియవు.

ఇదంతా విని, "బాగానే వుందమ్మా, మరి రాత్రికి వంటెవరు చేస్తారు?" అని మీరనుకుంటూ వుంటారని నాకు తెలుసు. అసలు ప్రశ్న అదే. వారానికి ఒక సాయంత్రం పొయ్యి వెలిగించని పూటగా ఇంట్లో అందరి ముందూ ప్రకటించండి. ఆ పూటకు పొద్దుటి వంటతోపాటే పులిహోర కలిపి పెట్టుకోవచ్చు. దద్దోజనం చేస్తే పాలు ఎక్కువ పోసి, చెంచాడు పెరుగు మాత్రమే కలపండి. సాయంత్రానికి పుల్లబడకుండా కమ్మగా తయారవుతుంది. కొబ్బరి వేసినవి ఈ ఎండలకు నిలవవు. అదీ కాదంటే అటుకులు, వేరుశనగపప్పు, మామిడిపళ్ళు, దోసకాయలు. ఒక్క పూట అన్నం లేకపోతే ఎవరికీ ఏమీ కాదు. నీళ్ళ సీసాలు నింపడం అబ్బాయి పని, డబ్బాలు సర్దడం అమ్మాయి పని, తిరిగి వచ్చాక అవి కడగటం మీవారి పని. నవ్వకండి. అడగకుండా ఎవరూ చేయరు. అడిగితే చేసేవాళ్ళు చాలామందే వున్నారు.

"మావారికి తీరికుండదండీ" అంటారా? అయితే పక్కింటి ఆవిడను పిలవండి. నలుగురు ఆడవాళ్ళు, ఎనిమిది మంది పిల్లలు కలిసి పార్కుకు వెళ్తే అంతకన్నా నిండైన సందడి వుంటుందా? బస్సు చార్జీల సాకు కూడా ఇప్పుడు లేదు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణలో నివసించే ఆడవాళ్ళకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపితే చాలు. ఆ సౌకర్యాన్ని ఆస్పత్రికీ, పెళ్ళిళ్ళకూ మాత్రమే వాడుకోవాలని ఎక్కడా రాసి లేదు.

మనం బయటికి కదలకపోవడానికి పైకి చెప్పుకోని కారణం ఇంకొకటుంది. మరుగుదొడ్డి. ఆ భయంతో నీళ్ళు తాగడం మానేస్తాం. వేసవిలో ఇది చాలా ప్రమాదం. వడదెబ్బకూ దారే, మూత్రంలో మంటకూ దారే. అందుకని ఆ సదుపాయం వున్న చోట్లే ఎంచుకోండి. జూలో, పెద్ద పార్కుల్లో, మెట్రో స్టేషన్లలో వుంటుంది. వెళ్ళగానే అదెక్కడుందో చూసిపెట్టుకుని, నీళ్ళు మాత్రం ధారాళంగా తాగండి.

మరికొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు దాకా పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, గుండెజబ్బు, మధుమేహం వున్నవాళ్ళు ఎండలోకి రాకూడదు. లేతరంగు నూలు బట్టలు, తలమీద కొంగో, టోపీయో వుండాలి. ఎవరికైనా నీరసంగా వుంటే లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. రెండూ చిన్న చెంచాతో, తలకొట్టి కొలవాలి. వొళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, మగత కమ్మితే అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోను చేసి, నీడకు చేర్చి, తడిగుడ్డలతో వొళ్ళంతా తడుపుతూ విసరాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు. ఆగివున్న కారులో పిల్లల్ని ఒక్క నిమిషమైనా వదలకూడదు. సాయంత్రం పూట హఠాత్తుగా గాలిదుమారం లేచి ఉరిమితే చెట్టుకిందికి పరుగెత్తవద్దు, పక్కా కట్టడంలోకి వెళ్ళాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఈత. ఏటా వేసవిలో వూరి చుట్టూ వున్న క్వారీ గుంతల్లో, చెరువుల్లో దిగి ఎందరో పిల్లలు తల్లులకు కడుపుకోత మిగులుస్తున్నారు. రాళ్ళు తీసిన గుంత అంచునే నిలువులోతు వుంటుంది, పట్టుకోవడానికి ఏమీ వుండదు. ఈత నేర్పించాలనుకుంటే శిక్షకుడున్న కొలనులో చేర్పించండి. అబ్బాయిలనే కాదు, అమ్మాయిలనూ చేర్పించండి.

చూశారా, నేను చెప్పినవాటిలో కొత్తవేమీ లేవు. మనకు తెలిసిన చోట్లే. తెలియనిదల్లా ఆ చోట్లు మనకోసం కూడా వున్నాయన్న సంగతి. పిల్లలు సంతోషంగా వుంటే మనకు చాలదా అంటారు. చాలదు. అమ్మ కూడా పచ్చిక మీద కూర్చుని నవ్విన సాయంత్రమే పిల్లలకు పెద్దయ్యాక గుర్తుంటుంది. కాబట్టి ఈ ఆదివారం కాదు, వచ్చే ఆదివారం కాదు, రేపు పొద్దున్నే అయిదున్నరకు అలారం పెట్టుకోండి. కాఫీ తాగి, చెప్పులేసుకుని, దగ్గరలో వున్న చెట్టుదాకా అయినా వెళ్ళి రండి. మిగతావి తర్వాత చూసుకుందాం.

ఇక నాకు సెలవు ఇప్పించండి. మీరు కూడా వారానికి ఒక పూట సెలవు తీసుకోండి.